పనికి పోయే వేళకు రైలు

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముంబైలో ఇళ్ళలో పనిచేసే తెలుగు స్త్రీల మధ్య నేను చాలాకాలంగా తిరుగుతున్నాను. అక్కడ రైలు గురించి మాట్లాడటమంటే కూలి గురించి మాట్లాడటమే. బస్తీ ఒకచోట, పని ఇంకోచోట. లోకల్ రైలు అందకపోతే ఆ రోజు కూలి పోతుంది. నాలుగు రోజులు అందకపోతే ఆ ఇల్లే చేయి జారిపోతుంది.

లోకల్ రైళ్ళలో ఆడవాళ్ళకు వేరే పెట్టెలున్నాయి. 1992లో చర్చ్‌గేట్, బోరివలిల మధ్య ఒక రైలు మొత్తాన్ని స్త్రీలకే కేటాయించి 'లేడీస్ స్పెషల్' అని నడిపారు. ఇది మంచి పనే. కానీ మనకు పెట్టె ఇచ్చినవాళ్ళు మనల్ని శ్రామికులుగా గుర్తించారా? ఈ ప్రశ్నకు 2020లో జవాబు దొరికింది.

కరోనా వల్ల 2020 మార్చిలో లోకల్ రైళ్ళు ఆగాయి. జూన్ నుంచి అత్యవసర సేవల ఉద్యోగులను ఎక్కనిచ్చారు. ఇళ్ళలో పనిచేసే స్త్రీ ఆ జాబితాలో లేదు. అక్టోబరు 21 నుంచి ఆడవాళ్ళందరూ ఎక్కవచ్చన్నారు. ఏ వేళల్లో? పగలు 11 నుంచి 3 వరకు, మళ్ళీ రాత్రి 7 తర్వాత. రద్దీ పెరగకూడదని అలా పెట్టారు. రోగ భయం నిజమే. అయితే పొద్దున 7 గంటలకు అంట్లు తోమవలసిన మనిషి 11కు రైలెక్కి ఏం చేస్తుంది? ఆ వేళలు నిర్ణయించినవారి దృష్టిలో స్త్రీ అంటే తీరిక వేళ బజారుకు వెళ్ళే మనిషి!

ఇప్పుడు ముంబైలో భూగర్భ మెట్రో కూడా వచ్చింది. ఆరే నుంచి కఫ్ పరేడ్ వరకు 33.5 కిలోమీటర్లు, 27 స్టేషన్లు. 2024 అక్టోబరులో కొంత భాగం, 2025 అక్టోబరులో పూర్తిగా తెరిచారు. చల్లగా ఉంటుంది, తలుపులు మూసుకుంటాయి, వేలాడే పని లేదు. కానీ టికెట్ 10 నుంచి 70 రూపాయలుగా పెట్టారు. లోకల్‌లో రెండో తరగతి టికెట్ 5 రూపాయల నుంచే ఉంది. చేపల గంపలతో వెళ్ళే కోలీ స్త్రీలకు లోకల్‌లో సామాన్ల పెట్టె ఉంది, మెట్రోలో లేదు. కాబట్టి పేద స్త్రీకి పాత రైలే గతి.

ఆ పాత రైలు స్టేషన్ల సంగతి చూడండి. 2017 సెప్టెంబరు 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ దగ్గర ఇరుకు వంతెన మీద తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు. ఇక మరుగుదొడ్ల విషయం. నగరంలో మగవాళ్ళకు మూత్రవిసర్జన ఉచితం, ఆడవాళ్ళ దగ్గర డబ్బులు వసూలు చేస్తారు. దీని మీద ముంబైలో 2011లో 'రైట్ టు పీ' అనే ఉద్యమం మొదలుపెట్టవలసి వచ్చింది.

మన హైదరాబాదులో 2003 నుంచి ఎం.ఎం.టి.ఎస్., 2017 నుంచి మెట్రో నడుస్తున్నాయి. వీటి గురించి అర్జీ పెట్టేటప్పుడు 'ఆడవాళ్ళకు ఎన్ని పెట్టెలు?' అన్నదగ్గరే ఆగిపోవద్దు. మొదటి రైలు ఎన్నింటికి? రోజు కూలిలో టికెట్టుకు ఎంత పోతుంది? రాత్రి దిగాక స్టేషన్ బయట దీపం ఉందా? తాళం వేయని మరుగుదొడ్డి ఉందా? ఇవన్నీ అడగాలి.

అందుకు ముందు మనం చేయవలసిన పని ఒకటుంది. ఎవరి బస్తీలో వాళ్ళు కూర్చుని, ఏ స్త్రీ ఎన్ని గంటలకు గడప దాటుతుందో, ఎన్నింటికి తిరిగి వస్తుందో రాసుకోండి. ఆ కాగితం అర్జీకి జతచేయండి. మన వేళలు మనం చెప్పకపోతే, మళ్ళీ ఎవరో 11 నుంచి 3 అని నిర్ణయిస్తారు.