సున్నా పవరు లెన్సు: స్నాతకోత్సవ ప్రసంగం

 

దృష్టిదోషాన్ని కొలిచి తగిన కటకాన్ని నిర్ణయించడం ఆప్టోమెట్రీ వృత్తికి ప్రధాన కర్తవ్యం; అయితే ఏ దోషమూ లేని కంటికి ఏ పవరూ లేని కటకం పెట్టుకోదలచిన వ్యక్తి పట్ల ఆ వృత్తి బాధ్యత ఏమిటన్న ప్రశ్నకు చట్టం సైతం చాలాకాలం సూటిగా బదులివ్వలేదు. కంటిరంగును నీలంగానో, పిల్లికంటి తీరుగానో మార్చే కాంటాక్ట్ లెన్సులు అమెరికాలో హాలోవీన్ వేషాల దుకాణాల్లోనూ, బ్యూటీ పార్లర్లలోనూ గాజులు, రిబ్బన్ల సరసన అమ్ముడుపోయేవి. చూపును సరిదిద్దవు గనుక అవి సౌందర్య సాధనాలేనన్న వాదానికి 2005 నవంబరు నాటి చట్టసవరణ తెరదించి, పవరు ఉన్నా లేకపోయినా ప్రతి కాంటాక్ట్ లెన్సూ వైద్య పరికరమేనని తేల్చింది; దానితో ప్రిస్క్రిప్షన్ లేని అమ్మకం నేరమైంది. బ్రిటన్‌లోనూ సున్నా పవరు లెన్సులను రిజిస్టరైన నిపుణుల చేతుల మీదుగా గానీ, వారి పర్యవేక్షణలో గానీ అమ్మాలి.

ఇంత కట్టడి ఎందుకన్న ప్రశ్నకు జవాబు శుక్లపటలం, అంటే నల్లగుడ్డుపై పరచుకొని ఉండే పారదర్శక పొర, నిర్మాణంలోనే ఉంది. మధ్యభాగంలో సుమారు అర మిల్లీమీటరు మందం మాత్రమే ఉండి, రక్తనాళాలు లేని ఆ పొర తనకు కావలసిన ఆక్సిజన్‌ను ప్రధానంగా కన్నీటి పొర ద్వారా గాలి నుంచే గ్రహిస్తుంది గనుక, లెన్సు గుండా గాలి తగినంతగా సాగకపోతే అది వాచి, కాలక్రమంలో అంచుల నుంచి కొత్త రక్తనాళాలు లోపలికి పాకుతాయి. లెన్సు లోపలివైపు వంపును బేస్ కర్వ్ అంటారు. అది కంటి వంపుకు కుదరక బిగిస్తే, రెప్ప ఆర్పినా లెన్సు కదలక దాని అడుగున కన్నీరు నిలిచిపోతుంది, వదులైతే ఒరుసుకొని శుక్లపటలం గీరుకుపోతుంది. ఇక రంగు సంగతి: లెన్సు పొరల మధ్య బంధించవలసిన రంగును పైపైనే అద్దిన రకాలూ ఉన్నాయి, దూదిపుల్లతో రుద్దితే వాటి రంగు పుల్లకు అంటుకొస్తుంది, ఆ గరుకుదనం బాక్టీరియాకు పట్టునిస్తుంది. గీరుకున్న చోట సూడోమోనాస్ అనే బాక్టీరియా చేరితే, ఒకటి రెండు రోజుల్లోనే శుక్లపటలాన్ని కరిగించగలదు. కుళాయి నీటితో కడిగిన లెన్సు వెంట అకాంతమీబా అనే ఏకకణజీవి చేరితే, అది కలిగించే కెరటైటిస్‌కు, అంటే శుక్లపటల శోథకు, చికిత్స నెలల తరబడి సాగుతుంది. ఇలా ఏర్పడిన పుండు మానినా మిగిలే తెల్లమచ్చనే పల్లెల్లో కంట్లో పువ్వు అంటారు.

ఫ్రాన్సులో జరిగి 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనం, చూపు కోసం లెన్సులు వాడేవారితో పోలిస్తే అలంకారానికి వాడేవారిలో సూక్ష్మజీవుల వల్ల వచ్చే కెరటైటిస్ ముప్పు 16 రెట్లకు పైగా ఉన్నట్లు చూపింది. ఇంతటి తేడాను లెన్సు నాణ్యత ఒక్కదానికే ఆపాదించడం సరికాదు. పవరు లెన్సు కొన్నవాడు రోగిగా నమోదై, చేతులు కడుక్కోవడం మొదలు ద్రావణం మార్చడం వరకు నేర్చుకొని వెళతాడు. రంగు లెన్సు కొన్నవాడు కేవలం గిరాకీ. నిద్రలో తీసివేయాలని అతనికి చెప్పే దిక్కుండదు, స్నేహితురాళ్లు ఒకే జతను మార్చి మార్చి పెట్టుకున్నా వారించేవారుండరు.

చట్టం వచ్చినంత మాత్రాన ఈ వ్యాపారం ఆగలేదు, ఆన్‌లైన్ అమ్మకాలతో మరింత సులువైంది కూడా. సోకుల కోసం కళ్లు పాడుచేసుకుంటావా అని క్లినిక్కులో మందలింపు ఎదురైన యువతి నేరుగా ఫ్యాన్సీ షాపుకే పోతుంది. ఆ మందలింపు వైద్యం కాదు, బాధ్యత దులుపుకోవడమే. భారతదేశంలో 2021 నాటి అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఆప్టోమెట్రిస్టులను ఆరోగ్య వృత్తి నిపుణులుగా గుర్తించింది గనుక, పవరు అవసరం లేని కంటిని సైతం పరీక్షించే బాధ్యత నేడు ఆప్టోమెట్రీ పట్టాలు స్వీకరిస్తున్న పట్టభద్రులదే.

రంగు లెన్సు అడిగివచ్చిన వారిని వెనక్కి పంపక, కన్ను పరీక్షించి, కొలతకు సరిపోయే లెన్సు ఉంటే వాడే తీరు నేర్పి ఇవ్వవలసిందిగానూ, కన్ను ఎర్రబడి నొప్పి పుడితే లెన్సు తీసివేసి అదే రోజు నేత్రవైద్యుణ్ణి కలవాలని, ప్రయోగశాల పరీక్షకు పనికివచ్చే ఆ లెన్సును డబ్బాతో సహా వెంట తీసుకువెళ్లాలని ప్రతి ఒక్కరికీ చెప్పి పంపవలసిందిగానూ ఈ పట్టభద్రులకు విజ్ఞప్తి.