కాన్పు దగ్గర తల్లి ప్రాణం

మార్గరెట్ కెన్యాట్టా 2013 నుంచి 2022 దాకా కెన్యా ప్రథమ మహిళ. 2014 జనవరిలో ఆమె ‘బియాండ్ జీరో’ అనే ఉద్యమం మొదలుపెట్టారు. కాన్పు సమయంలో తల్లి చనిపోకూడదు, బిడ్డ చనిపోకూడదు, తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకకూడదు. దాని ఉద్దేశం అదే.

కాన్పు తర్వాత రక్తస్రావం ఆగకపోతే తల్లికి మిగిలే సమయం చాలా తక్కువ. ఉత్తర కెన్యాలోని ఎడారి ప్రాంతాల్లో ఆసుపత్రి ఎంతో దూరం. రోడ్డూ అంతంతమాత్రమే. మరి తల్లి ఆసుపత్రికి చేరలేకపోతే? ఆసుపత్రే ఆమె దగ్గరికి వెళ్లాలి. అందుకే ‘బియాండ్ జీరో’ తరఫున సంచార వైద్యశాలలు. ఒక్కో కౌంటీకి, అంటే జిల్లా లాంటి పాలనా విభాగానికి, ఒక్కో వాహనం. గర్భిణుల పరీక్షలు, పిల్లల టీకాలు, హెచ్‌ఐవీ పరీక్షలు అందులోనే.

ఈ వాహనాలకు డబ్బెలా? విరాళాలతో. అందుకోసం మార్గరెట్ పరుగు పెట్టారు, నిజంగానే! అదే ఏడాది ఏప్రిల్‌లో లండన్ మారథాన్ పూర్తి చేశారు. సుమారు ఏడు గంటలు పట్టింది. మారథాన్ వీరుల దేశంలో అది గొప్ప వేగమేమీ కాదు. కానీ పరుగు వల్ల కాన్పు మరణాల సంగతి అందరి నోళ్లలో నానింది.

వాహనం ఇవ్వడం ఒక ఎత్తు, నడపడం మరో ఎత్తు. కెన్యాలో ఆరోగ్య సేవలు చాలావరకు కౌంటీల బాధ్యత. నర్సులు, మందులు, ఇంధనం కౌంటీలే సమకూర్చాలి. అవి అందని చోట కొన్ని వాహనాలు కదలకుండా నిలిచిపోయాయి.