రాయలవారి ముఖంపై మచ్చలు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ దేశంలో పుట్టి, ఈ ఆలయ ప్రాంగణంలో ఆడుకుంటూ పెరిగిన యువతీ యువకులారా, ఈనాటి నా మాటలు ప్రధానంగా మీకోసమే.

శ్రీకృష్ణదేవరాయలు అనగానే మీ మనస్సులో ఏ రూపం మెదులుతుంది? మా తరానికి మెదిలేది నందమూరి తారకరామారావు గారి రూపం. 1962 నాటి ‘మహామంత్రి తిమ్మరుసు’ చిత్రంలో ఆయన రాజసమే మాకు విజయనగర వైభవం. ఇక ‘చందమామ’లోని రాజులు సరేసరి. మీకైతే ఫోనులో వచ్చే బొమ్మలున్నాయి. ఇప్పుడు వాటిని యంత్రమే క్షణాలలో గీసి ఇస్తున్నది. అన్నీ అందమైనవే. కాని వాటిలో రాయలవారు ఎవరు?

ఈ ప్రశ్నను చిన్ననాటి నుండి వెంటబెట్టుకొని తిరుగుతున్న చిత్రకారిణి ఒకామె మన మధ్యనే ఉన్నది. పేరు చెప్పవద్దని కోరినందున చెప్పను. ఆదివారపు తెలుగు తరగతిలో అక్షరాలు దిద్దవలసిన పుస్తకం నిండా కోటలు, ఏనుగులు గీసిన పిల్ల. నేడు కంప్యూటరుపై బొమ్మలు గీయడమే ఆమె వృత్తి. సెలవు దినాలన్నీ చరిత్రకే అంకితం. ఈ వార్షికోత్సవ సందర్భంగా రాయలవారి తిరుమల దర్శనాన్ని చిత్రించమని కార్యవర్గం ఆమెను కోరింది.

ఆమె పద్ధతి మీరు తెలుసుకోదగినది. డిజిటల్ చిత్రం ఒకదానిపై ఒకటి పరచిన పారదర్శకమైన పొరలతో తయారవుతుంది. మొదటి పొరలో ఆమె సాక్ష్యం ఉన్నవాటినే గీస్తుంది. రెండవ పొరలో ఆ సాక్ష్యాన్ని బట్టి ఊహించదగినవి ఉంటాయి. మూడవ పొరలో ఉండేది కేవలం కల్పన. చివరకు ఒక్కొక్క పొరనే తొలగించి, ఏమి మిగిలిందో చూసుకుంటుంది. వైద్యులమైన మేము స్కాన్ నివేదికలో కంటికి కనిపించినదాన్ని ఒకచోట, మా అభిప్రాయాన్ని మరొకచోట వ్రాస్తాము. రెండూ కలిస్తే రోగికి ప్రమాదం. ఆమె పొరలు నాకు వెంటనే అర్థమైనది అందుకే.

మరి మొదటి పొరకు సాక్షులెవరు? రాయలవారు 1513 నుండి 1521 లోపల ఏడుసార్లు తిరుమల దర్శించారు. మహాద్వారం దాటగానే కుడివైపు మండపంలో తిరుమలదేవి, చిన్నాదేవులతో కూడిన ఆయన లోహప్రతిమలు నేటికీ చేతులు జోడించి నిలిచి ఉన్నాయి. ఆ ప్రతిమ శిరస్సుపై మన సినిమా కిరీటం లేదు. పొడవైన కుల్లాయి ఉన్నది. లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పు చిత్రాలలోని పురుషులు కూడా అటువంటి టోపీలనే ధరించారు. ‘కుల్లాయి’ అనే మాట పారసీకపు ‘కులాహ్’ నుండి వచ్చినది. హిందూ ప్రభువు కొలువులో పరదేశపు టోపీ గౌరవచిహ్నంగా వెలిగిందన్నమాట.

రెండవ సాక్షి సుమారు 1520లో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు దేశీయుడు డొమింగో పాయెస్. ఆయన వ్రాతలను రాబర్ట్ సీవెల్ 1900లో ఆంగ్లంలో ప్రకటించారు, మీరే చదువుకోవచ్చు. బంగారు గులాబీలు కుట్టిన తెల్లని వస్త్రాలు, మెడలో వజ్రాల హారం, తలపై జరీ టోపీ, చెప్పులు లేని పాదాలు: ఇదీ పాయెస్ చూసిన రాయలు. తెల్లవారకముందే నువ్వులనూనె త్రాగి, కత్తిసాము, మల్లయుద్ధం చేసేవారట. మధ్యరకం ఎత్తు, కొంచెం నిండైన శరీరం. ముఖంపై మశూచి మచ్చలు.

ఆ చివరి మాట పట్టుకొని ఆమె నా దగ్గరకు వచ్చింది. “ఆంటీ, మచ్చలు ఎక్కడెక్కడ ఉండాలి? ఎంత లోతుగా?” అని అడిగింది. ముఖచర్మంలో నూనె గ్రంథులు అధికం. మశూచి వాటిని నాశనం చేసినచోట చర్మం చిన్న గుంటలుగా కుంగిపోతుందని చెప్పాను. మన ఇళ్లలో దీనినే ‘అమ్మవారు పోసింది’ అనేవారు. తీవ్రరూపంలో సోకినవారిలో సుమారు 30 శాతం మరణించేవారు. భారతదేశంలో 1975తో ఆ వ్యాధి అంతరించింది. 1980లో ప్రపంచమంతటా నిర్మూలనమైనట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అందుచేత మీలో చాలామంది ఆ మచ్చలను చూసి ఉండరు. నా కంటికి అవి వికారం కావు. మృత్యువు ఇంటి గడప దాకా వెళ్లి తిరిగివచ్చినవారి గుర్తులు అవి.

చిత్రం చూసిన ఒక పెద్దాయన నొచ్చుకున్నారు. “ప్రభువు ముఖాన మచ్చలేమిటమ్మా? పిల్లలకు గర్వం కలగాలి కదా. తిరుమల ప్రతిమను చేసిన శిల్పి కూడా వాటిని చూపలేదే!” అన్నారు. ఆయన మాట త్రోసివేయదగినది కాదు. ఆమె వినయంగానే బదులిచ్చింది: “బాబాయిగారూ, శిల్పి చేసినది కలకాలం స్వామి ఎదుట నిలువవలసిన భక్తుని రూపం. నేను గీసేది ఒక ఉదయం కొండకు వచ్చిన మనిషిని. మచ్చలు తీసివేస్తే ఆయన ఇంకెవరో అవుతారు.”

రెండు సమావేశాలు చర్చ సాగింది. చివరకు ఆ పెద్దాయనే దారి చూపారు. మచ్చలు ఉండవచ్చు, అయితే ఏ వివరానికి ఎవరు సాక్షియో చిత్రం క్రింద వ్రాయాలన్నారు. ఆమె సంతోషంగా అంగీకరించింది. మచ్చలు ఉన్నాయని పాయెస్ చెప్పాడు గాని ఎన్నో చెప్పలేదు గనుక, వాటి సంఖ్య తన ఊహ అని కూడా వ్రాసింది.

మీకు నా విన్నపం ఇదే. ఈసారి తిరుమల వెళ్లినప్పుడు, తొందరలోనైనా ఒక్కసారి కుడివైపు చూడండి. మన చరిత్ర పేరిట ఏ బొమ్మ వచ్చినా, ఇతరులకు పంపేముందు దానికి సాక్షి ఎవరని అడగండి. ఇంటికి వెళ్లి, ఈ ఆలయానికి పునాదిరాయి వేసిన నాటి ఫోటోలు వెదకి, వాటిలోని వారెవరో మీ పెద్దలను అడిగి, వెనుక పేర్లు, తేదీ వ్రాయండి. అడిగితే చెప్పగలవారు ఈనాడు ఈ సభలోనే కూర్చొని ఉన్నారు. నూరేళ్ల తరువాత ఎవరో ఒక అమ్మాయి ఈ ఆలయాన్ని గీయబోతుంది. ఆమె మొదటి పొర ఖాళీగా ఉండకూడదు.

స్వస్తి.