మాటల మీద మమకారం



మీరు బ్రిటనులో పెరుగుతున్నారు. మీ చుట్టూ రోజూ వినిపించే ఇంగ్లీషు పలుకుబడులంటే ముచ్చటపడే అమెరికన్ ఒకరున్నారు. ఆయన పేరు బెన్ యాగోడా. డెలవేర్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ఆచార్యులుగా పనిచేశారు. అమెరికన్ల నోట వినవచ్చే బ్రిటిషు మాటలను 2011 నుండి ఏరి కూర్చి, 2024లో వాటిపై ఒక పుస్తకం వెలువరించారు.

దాని పేరు 'గాబ్‌స్మాక్డ్'. 'గాబ్' అంటే నోరు. 'స్మాక్' అంటే దెబ్బ. నోటిమీద చరిచినట్లు, ఆశ్చర్యంతో మాట రాక నిలిచిపోవడమన్నమాట. అదే సందర్భంలో తెలుగువారు 'ముక్కున వేలేసుకుంటారు'. చూశారా! ఆశ్చర్యం ఒకటే. వారి చేయి నోటిమీదికి వెళ్ళింది, మన వేలు ముక్కుమీదికి వెళ్ళింది.

ఇంకొక వింత వినండి. అమెరికన్లు ట్రక్కు, గ్యాస్, ఎలివేటర్ అంటారు. మన ఊళ్ళో తాతగారు లారీ, పెట్రోలు, లిఫ్టు అంటారు. ఇవి బ్రిటిషువారి ఇంగ్లీషు నుండి తెలుగులోకి వచ్చి స్థిరపడిన మాటలు.

పరాయి దేశపు వాడుక మాటలనే ఒకరు ఇంత ఆదరంతో పోగుచేశారే, మరి మీ ఇంటి మాటల సంగతేమిటి? 'కడుపులో ఎలుకలు పరుగెత్తుతున్నాయి', 'చెవిలో పువ్వు పెట్టకు' వంటివి ఎప్పుడు, ఎవరితో అనాలో అమ్మమ్మగారి నోట వింటేనే అబ్బుతుంది. వినేవారు, తిరిగి అనేవారు లేకపోతే ఆ మాటలు ఆ ఇంట ఆమెతోనే ఆగిపోతాయి.

కాబట్టి వారానికొక మాట అడిగి తెలుసుకోండి. నోటుపుస్తకంలో వ్రాసుకోండి. అంతకంటె ముఖ్యం, మరునాడే ఇంట్లో దానిని వాడండి.