జట్టు కూర్పు - ఎవరిని ముందు ఎన్నుకొనవలెను?

కామారెడ్డి, ఎల్లారెడ్డి పరిసర గ్రామములలో బాలురు కబడ్డీ బరిలోనికి దిగుటకు ముందు జట్లు పంచుకొను పద్ధతి యొకటి కలదు. ఇంచుమించు సమబలము గల యిద్దరు జంటగా ప్రక్కకు పోయి, రహస్యముగా చెరియొక పేరు పెట్టుకొని వచ్చి, నాయకుల యెదుట నిలిచి, "సూర్యుడు కావలెనా, చంద్రుడు కావలెనా?" అని యడుగుదురు. నాయకుడు పేరును కోరునే గాని మనిషిని కోరడు. జంటలోనివారు సమానులు గనుక ఎవ్వరు ఎటు పోయినను తూకము చెడదు. రెండు జట్లును సరిజోడుగా నున్నగాని ఆట రక్తి కట్టదను సత్యము ఈ చిన్న యేర్పాటులో ఇమిడి యున్నది.

కోట్ల రూపాయలు చేతులు మారు వృత్తి క్రీడలలోను చిక్కు ఇదియే. ధనము గల జట్టు మంచివారి నందరిని తానే కొనివేసినచో పోటీ యుండదు; పోటీ లేనిచో చూచువారుండరు. ఇక, న్యాయముగా పంచుకొను ఏర్పాటు జరిగిన పిమ్మటనైనను, తన వంతు వచ్చినపుడు ఎవనిని ముందు కోరవలెనను ప్రశ్న ప్రతి జట్టునకును మిగిలియే యుండును. నేడు మేము ఈ రెండవ ప్రశ్ననే ముఖ్యముగా ముచ్చటింపదలచితిమి.

అమెరికావారు ఫుట్‌బాలని పిలుచునది మన మెరిగిన ఫుట్‌బాలు కాదు. రెండు కొనలు సన్నగిల్లిన బంతిని చేతబట్టి పరుగెత్తుచు, విసరుచు, ప్రక్కకు 11 మంది చొప్పున ఆడు మోటు ఆట అది. వారి జాతీయ సమాఖ్యలో 32 జట్లు కలవు. కళాశాలలనుండి వచ్చు యువకులను ఆ జట్లు ఏటేట వంతులవారీగా కోరుకొనును. దీనిని డ్రాఫ్టందురు. 1936లో మొదలైన ఈ పద్ధతి ప్రకారము క్రిందటి యేడు అందరికంటె వెనుకబడిన జట్టు అందరికంటె ముందు కోరును. గెలిచిన జట్టు చివరకు నిలుచును. ఓడినవానికి ముందు వడ్డన యన్నమాట. 1994 నుండి జీతముల మొత్తమునకును హద్దు ఏర్పడినది.

అయినను ముందు వంతు దొరికినంత మాత్రమున మేలు జరుగునా? ఆ మొదటి సంవత్సరమున ఫిలడెల్ఫియా జట్టు అందరికంటె ముందు కోరిన జే బెర్వాంగర్ అను ప్రసిద్ధ క్రీడాకారుడు వృత్తి ఫుట్‌బాలు ఒక్కనాడైనను ఆడలేదు. 2000లో 198 మందిని కోరిన తరువాత, 199వ వాడుగా మిగిలిన టామ్ బ్రాడీ యను యువకుడు పిమ్మట ఏడు పర్యాయములు విజేత జట్టున నిలిచెను. కనుక వంతు కంటె కన్ను ముఖ్యము. అక్కడి అనుభవజ్ఞులు సాధారణముగా బంతిని నడిపించు క్వార్టర్‌బాకును, అతనిని కాచు వరుసలోని వానిని, ఎదుటి క్వార్టర్‌బాకు మీదికి ఉరుకు వానిని ముందుగా కోరుదురు. విసరు చేయి ఎంత గొప్పదైనను దానిని కాచు భుజములు లేనిచో వ్యర్థమని వారి అనుభవము.

మన కబడ్డీ సంగతికి వత్తము. 2014లో ప్రొ కబడ్డీ లీగు ప్రారంభమైనది. తొలి సంవత్సరమునుండియు అందులో తెలుగు టైటన్స్ అను జట్టు కలదు. ఇక్కడ ముఖ్యమైన పద్ధతి వంతు కాదు, వేలము. గంజిలో సరకు పాటను చూచిన కామారెడ్డి వారికి వేలమనగా ఏమో వేరుగా చెప్పనక్కరలేదు. అందరి సంచిలోను సొమ్ము ఒక్కటే; ఎవ్వరెంత తెలివిగా పాడిరన్నదే తేడా. ఓడినవానికి ముందు వడ్డన ఇక్కడ లేదు.

2019లో టైటన్స్ వారు సిద్ధార్థ్ దేశాయ్ అను కూతగానిని 1 కోటి 45 లక్షలకు పాడిరి. నాటి సంచి 4 కోట్ల 40 లక్షలు. అనగా మూడవవంతు ఒక్కనికే పోయినది. 2023 వేలమున పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు పాడిరి. అంతకుముందు కబడ్డీ ఆటగాని కెవ్వనికిని అంత ధర పలికి యుండలేదు. సంచి 5 కోట్లు. సగమునకు మించి ఒక్కని పాలైనది. నియమము ప్రకారము జట్టున తక్కువలో తక్కువ 18 మంది యుండవలెను. మిగిలిన 17 మందికి సగటున సుమారు 14 లక్షల చొప్పున మాత్రమే వచ్చును. ఆ యేడు మూడవ తరగతి ఆటగాని పాట మొదలగు ధరయే 13 లక్షలు!

ఫలితము లెక్కలు చెప్పుచున్నవి. 2021-22 పోటీలలో 22 ఆటలకు ఒక్క గెలుపు; 2022లో 22కు రెండు; 2023-24లో 22కు రెండు. మొత్తము 66 ఆటలలో అయిదు విజయములు. మూడు పర్యాయములును 12 జట్లలో కట్టకడపటి స్థానమే. పవన్ సామాన్యుడా? హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచిన భారత జట్టునకు నాయకుడు. అట్టివాడుండియు జట్టు ఏల ఓడెను?

కారణము ఆట నియమములలోనే యున్నది. కబడ్డీలో చచ్చినవాడు తనంత తాను లేవలేడు. ఎదుటి జట్టు మనిషి చచ్చినపుడే మనవా డొకడు లేచును. మేటి కూతగాడు పట్టుబడి బయట కూర్చున్నాడనుకొందము. అతనిని లేపవలసినది ఎవరు? లోపల మిగిలిన పట్టువారు. వారు ఎదుటి కూతగానిని పట్టలేనిచో, కోట్లు పోసి కొన్న వీరుడు బల్ల మీద కూర్చుండి చూచుచుండును. ఈలోగా జట్టంతయు చచ్చును. ఎదుటివారికి మరి రెండు పాయింట్లు అదనముగా పోవును. కావున కూతగాని విలువ అతని కాళ్ళలో ఎంత యున్నదో, అతనిని లేపు వారి చేతులలోను అంత యున్నది. ఒంటిస్తంభపు మేడ చూపులకే గాని గాలివానకు నిలువదు.

అట్లని వెల గల ఆటగాడు వలదని మా యభిప్రాయము కాదు. 2024లో హర్యానా స్టీలర్స్ వారు ఇరానుకు చెందిన షాద్లూయీని 2 కోట్ల 7 లక్షలకు పాడి, ఆ యేడే విజేతలైరి. కాని వారు అంతకు ముందటి యేడే తుది పోటీ వరకు వచ్చిన జట్టు. గోడలు లేచిన పిమ్మట శిఖరమెత్తిరి. పైగా అతడు పట్టులోను, కూతలోను దిట్ట. ముందటి యేడు హైదరాబాదు గచ్చిబౌలిలో 2024 మార్చి 1న జరిగిన తుది పోటీలో వారిని 28-25తో ఓడించిన పుణేరీ పల్టన్ నాయకుడు అస్లమ్ ఇనాందార్, అదే జట్టున క్రొత్త యువ ఆటగాడుగా ప్రవేశించి పెరిగినవాడు. కొనుట యొక విద్య. పెంచుట మరియొక విద్య. రెండును తెలిసినవారికే జయము.

మన టైటన్స్ కథయు అక్కడితో ఆగలేదు. 2024లో పవన్‌ను 1 కోటి 72 లక్షల 50 వేలకు తిరిగి దక్కించుకొని, మిగిలిన సొమ్ముతో జట్టును సర్దుకొనిరి. కృష్ణకుమార్ హుడా శిక్షకుడుగా వచ్చెను. నడుమ పవన్ గాయపడినను విజయ్ మలిక్, ఆశిష్ నర్వాల్ కూతభారము మోసిరి. 22 ఆటలలో 12 గెలిచి ఏడవ స్థానమునకు వచ్చిరి. 2025లో పవన్‌ను వదలుకొని, విజయ్ మలిక్ నాయకత్వమున తుది పోటీకి ఒక్క మెట్టు క్రింది వరకు పోయిరి. ఆ యేటి వేలమున పవన్‌ను తమిళ్ తలైవాస్ వారు 59 లక్షల 50 వేలకు పాడిరి. రెండేండ్లలో ధర నాల్గవవంతునకు దిగినది. వేలపు ధర ఆటగాని గొప్పతనమును కాక, ఆనాటి ఆకలిని కొలుచునని దీనివలన తెలియుచున్నది.

ఇన్ని చూచిన మీదట జట్టు కూర్చువాడు ఏ వరుసను అనుసరింపవలెనో కొంత చెప్పవచ్చును. మొదట రెండు మూలలు. కుడిమూల, ఎడమమూల నిలుచువారు కూతగాని చీలమండను అందుకొను కాపరులు. వీరు కాడికి కట్టిన ఎడ్లవంటివారు. ఒకటి మేలుజాతిదై రెండవది కుంటిదైనచో నాగలి చాలు తప్పును. కావున జోడీగా చూచి కొనవలెను. రెండవది, ఒక మేటి కూతగాడును, అతడు చచ్చినపుడు భారమందుకొను మరియొకడును. వరుసగా రెండు కూతలు వట్టిపోయినచో మూడవ కూతలో పాయింటు తెచ్చియే తీరవలెను. లేనిచో కూతకు పోయినవాడే చచ్చును. అట్టి సమయమునకు గుండె నిబ్బరము గలవాడు ప్రత్యేకముగా నుండవలెను. మూడవది, మూలలకు తోడ్పడు ఇద్దరు కవరువారు. నాల్గవది, గాయములు తప్పవు గనుక బల్ల మీద కూర్చుండువారి యోగ్యత. బల్ల మీదివారు అలంకారము కాదు. వారు జట్టునకు గాదెలోని విత్తనము.

ఇక మన ప్రాంతపు యువకులకు దీనితో పనియేమి? పని కలదు. మన పల్లెలలో ప్రతి బాలుడును కూతకే పోగోరును. చప్పట్లన్నియు కూతగానికే గదా! మూలన నిలిచి చీలమండ పట్టుటకు ఇష్టపడువారు తక్కువ. పాఠశాలలలో ఆట నేర్పు ఉపాధ్యాయులు పొడుగు, పట్టుబిగువు, ఓర్పు చూచి, ఎవనికి ఏ స్థానము తగునో చిన్ననాడే గుర్తింపవలెను. మట్టిలో నేర్చిన కాలు మ్యాటుపై, బూట్లతో, మొదట తడబడును. మండల కేంద్రమున కొక మ్యాటైన నున్నచో ఆ తడబాటు తీరును. లీగు జట్లు వేలముతో పని లేకుండ క్రొత్త యువకులను తీసికొను మార్గ మొకటి యున్నది. ఇనాందార్ వచ్చినది ఆ మార్గముననే. అది కామారెడ్డి, ఎల్లారెడ్డి బాలురకును మూసియుండదు. కాని చూడవచ్చినవారి కంట బడుటకు ముందు, మన కంట వారు పడవలెను.

చూచు కన్ను ఎంతపని చేయునో తాడ్వాయి మనకు చూపినది. అక్కడి సాంఘిక సంక్షేమ గురుకులమున చదివిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకయే, ఎవరెస్టు శిఖర మెక్కెను. ఆ బాలికను వేలమున ఎవ్వరును పాడలేదు. భువనగిరి కొండరాళ్ళ మీద శిక్షణ నిచ్చి, ఆమెలోని స్థైర్యమును గుర్తించి ముందునకు పంపిరి. అంతే.

తెలుగు అను పేరు ధరించిన జట్టున మన పిల్లవాడు నిలువవలెనని కోరుట సహజమే. కాని ఆ స్థానము దయగా దొరకరాదు, పట్టుతో దొరకవలెను. జట్టు కూర్చువారు ఒక్క వీరుని వెదకుట మాని రెండు మూలలను వెదకినపుడును, మన పల్లెలు కూతతోపాటు పట్టును గౌరవించినపుడును, ఆ రెండు వెదకులాటలును ఒకనాడు ఏదో బరిలో కలిసికొనక మానవు.