ముందు నేల మీద కూర్చుందాం

ఏటా జూన్ 21న యోగా దినోత్సవం చేస్తున్నాం. 2025లో విశాఖ సాగరతీరంలో మూడు లక్షల మంది ఒకేసారి ఆసనాలు వేశారు. చూడముచ్చటగా ఉంది. నాకు మాత్రం జూన్ 22 ముఖ్యం. ఆ పొద్దున ఇంట్లో ఒంటరిగా ఏం చేయాలన్నదే నన్ను అందరూ అడిగే ప్రశ్న.

ముందు నేల మీద కూర్చోండి. బాసింపట్టు అనండి, సక్లంముక్లం అనండి, మఠం వేసుకోవడం అనండి, సుఖాసనం అదే. మన అమ్మమ్మలు బియ్యం ఏరింది, కూరలు తరిగింది అలా కూర్చునే. సోఫాలూ డైనింగ్ టేబుళ్లూ వచ్చాక మనకు నేల దూరమైంది, తుంటి కీళ్లు బిగుసుకుపోయాయి.

ఈ సంగతి నాకు మోకాలు వాచాక తెలిసింది. యోగా మొదలుపెట్టిన మొదటి వారమే ఫోన్‌లో వీడియో చూస్తూ, పాదాన్ని చేత్తో లాగి తొడ మీద పెట్టి పద్మాసనం వేశాను. మూడో రోజుకు మెట్లు దిగలేకపోయాను. మోకాలు తలుపు బందు లాంటిది, ముడుచుకోవడం, చాపుకోవడమే ప్రధానంగా దాని పని. తిరగాల్సింది తుంటి. అది తిరగనంటే ఆ మెలి మోకాలి మీద పడుతుంది. ఇప్పుడు దుప్పటి నాలుగు మడతలు వేసి దాని అంచు మీద కూర్చుంటున్నాను. తుంటి కాస్త పైకి లేవగానే మోకాళ్లు వాటంతటవే కిందికి వాలతాయి, నడుము నిలబడుతుంది.

ఇలా దుప్పట్లు, బెల్టులు, చెక్కదిమ్మలు వాడడాన్ని లోకానికి అలవాటు చేసింది బి.కె.ఎస్. అయ్యంగార్. 1918లో పుట్టారు. చిన్నతనంలో మలేరియా, టైఫాయిడ్, క్షయ ఆయన్ని పీల్చేశాయి. మైసూరులో బావగారు కృష్ణమాచార్య దగ్గర ఆసనాలు నేర్చుకుని కోలుకున్నారు. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లకే యోగా అనుకునేవాళ్లకు నేను ఆయన కథే చెబుతాను.

మన యాప్రాల్‌లో ఫౌజు నుంచి రిటైరైనవాళ్లు చాలామంది ఉన్నారు. మీకు తాడాసనం సగం వచ్చినట్టే, సావధాన్‌లో ఏళ్లకేళ్లు నిలబడ్డారు. తేడా ఊపిరిలో ఉంది. ఛాతీ బిగబట్టకండి, మోకాళ్లు వెనక్కి తన్నకండి. చేతులు పైకెత్తుతూ గాలి పీల్చండి, దించుతూ వదలండి. వృక్షాసనానికి గోడ పక్కన నిలబడండి, వేళ్లు గోడకు ఆనించి ఉంచండి. టైల్స్ మీద సాక్సులతో వద్దు. చివర ఐదు నిమిషాలు శవాసనం మాత్రం ఎగ్గొట్టకండి.

భోజనమైతే మూడు నాలుగు గంటలు ఆగాలి. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టకూడదు. గ్లాకోమా ఉన్నవాళ్లు తలకిందులయ్యే ఆసనాల జోలికి పోవద్దు. ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టాలి.

ఇప్పుడు కుర్చీలు వెనక్కి జరపండి. జంపఖానా పరిచే ఉంది. మోకాలు మార్పించుకున్నవాళ్లు కుర్చీలోనే ఉండండి, పాదాలు రెండూ నేలకు ఆనించండి. మిగతావాళ్లు పక్కవాళ్ల చెయ్యి పట్టుకుని, మెల్లగా, కిందికి రండి.