కుక్కకు పురుగులు – ఇంటికి చికిత్స



ఈ రోజు ముచ్చట ఒక చిన్న పురుగు గురించి. ఇది నువ్వుగింజంత కూడా ఉండదు. రంగు ముదురు గోధుమ. రెక్కలు లేవు. కానీ పట్టుకోబోతే టక్కున గెంతి మాయమవుతుంది. కుక్కకు పడుతుంది. పిల్లికి పడుతుంది. మేకపిల్లనూ వదలదు. సందు దొరికితే మనిషి కాళ్ళనూ కుడుతుంది.

పేను పాకుతుంది. పిడుదు అంటుకుని కదలకుండా ఉంటుంది. ఇది గెంతుతుంది. అదే గుర్తు. ఒక్కో ఊరిలో దీన్ని ఒక్కో పేరుతో పిలుస్తారు. ఇంగ్లీషులో ఫ్లీ అంటారు. ఇక్కడ దీన్ని గెంతుడు పురుగు అనుకుందాం.

ఈ పురుగుతో ఒక ఇంటివాళ్ళు పడ్డ తిప్పలు వింటే సంగతంతా తెలుస్తుంది.

మోతి గోకుడు

ఆ ఇంట్లో అత్త, మామ, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. మోతి అనే కుక్క. ఒక పిల్లి. రెండు మేకలు. మట్టి నేల ఇల్లు. మోతి వసారాలో గోనెసంచి మీద పడుకునేది.

వానలు మొదలయ్యాయి. మోతి గోకుడూ మొదలైంది. పగలు గోకుడు, రాత్రి గోకుడు. తోక దగ్గర బొచ్చు ఊడిపోయింది. చర్మం ఎర్రగా పుండు పడింది. ఆ తర్వాత పిల్లల కాళ్ళ మీద ఎర్రటి దద్దుర్లు లేచాయి. చిన్నది రాత్రంతా ఏడ్చేది.

అత్త మోతికి సబ్బుతో స్నానం చేయించింది. పురుగులు నీళ్ళలో తేలాయి. "పీడ పోయింది" అనుకుంది. నాలుగో రోజుకు మళ్ళీ గోకుడు. మళ్ళీ స్నానం. మళ్ళీ పురుగులు. అలా మూడుసార్లు జరిగింది.

పక్కింటావిడ వచ్చి "కిరసనాయిలు పూయండి" అని సలహా చెప్పింది. పూశారు. మోతి చర్మం మండి రెండు రోజులు అన్నం ముట్టలేదు. పురుగులు మాత్రం పోలేదు.

మామకు విసుగొచ్చింది. పత్తిచేనుకు కొట్టగా మిగిలిన మందు సీసా తెచ్చాడు. బకెట్ నీళ్ళలో కలపబోయాడు.

"చేలో పురుగునే చంపే మందు. ఇదెంత?" అన్నాడు.

కోడలు రాత్రి బడిలో చదువుకుంది. కూడబలుక్కుని చదవగలదు. సీసా చేతిలోకి తీసుకుంది. ఎర్ర రంగు గుర్తు కనిపించింది. పైన పుర్రె బొమ్మ, ఎముకల బొమ్మ. పక్కన "విషం" అని రాసి ఉంది.

"మామయ్యా, ఆగండి! ఇది విషం. ఒంటికి తగలనీయొద్దని రాసుంది. మనకే తగలకూడదంటే, ఒళ్ళంతా నాకుకునే కుక్కకు ఎట్లా పోస్తారు? పిల్లలు దాన్ని పట్టుకుని ఆడుకుంటారు కదా!"

మామ చెయ్యి ఆగింది.

ఆ రోజు ఆమె చదివిన ఒక్క మాట మోతి ప్రాణం కాపాడింది. పిల్లలకూ ముప్పు తప్పింది. చేను మందు చర్మం గుండా లోపలికి దిగుతుంది. కుక్క నాకితే కడుపులోకి పోతుంది. నోట చొంగ కారుతుంది. ఒళ్ళు వణుకుతుంది. మూర్ఛ వస్తుంది. చావు కూడా రావచ్చు.

మన దేశంలో పురుగుమందుల సీసాల మీద రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు ఉంటే అన్నిటికన్నా ప్రమాదం. తర్వాత పసుపు. తర్వాత నీలం. చివర ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉన్నా అది చేలో కొట్టే మందే. ఒంటికి రాసేది కాదు.

గోనెసంచిలో గుట్టు

మర్నాడు కొడుకు, కోడలు మోతిని పశువుల ఆసుపత్రికి తీసుకుపోయారు. మోతి పడుకునే గోనెసంచిని కూడా తెమ్మని డాక్టరు ముందే కబురు చేశాడు. కొడుకుకు అర్థం కాలేదు. జబ్బు కుక్కకైతే సంచి ఎందుకు?

డాక్టరు తెల్లగుడ్డ పరిచాడు. దాని మీద గోనెసంచి దులిపాడు. ఉప్పు, మిరియాల పొడి కలిపి చల్లినట్టు రాలింది. తెల్లవి కొన్ని, నల్లవి కొన్ని.

"ఈ నల్లపొడి మీద రెండు నీటి చుక్కలు వెయ్యమ్మా" అన్నాడు.

కోడలు వేసింది. నల్లపొడి చుట్టూ ఎర్రగా పాకింది.

"అయ్యో, నెత్తురు!"

"నెత్తురే. మోతిదే. పురుగు నెత్తురు తాగి విసర్జించిన పెంట ఇది. ఆ తెల్లవి దాని గుడ్లు."

మామూలు మట్టి అయితే తడిపినా ఎర్రబడదు. పురుగు ఉందో లేదో ఇంట్లోనే తేల్చుకోవడానికి ఇది మంచి పరీక్ష. పైసా ఖర్చు లేదు.

ఆ తర్వాత డాక్టరు అసలు సంగతి చెప్పాడు. ఆడపురుగు కుక్క మీదే ఉండి నెత్తురు తాగుతుంది. జోరు మీదున్నప్పుడు రోజుకు 40 గుడ్ల దాకా పెడుతుంది. ఆ గుడ్లు బొచ్చుకు అంటుకోవు. కుక్క ఎక్కడ పడుకుంటే అక్కడ రాలిపోతాయి. కొద్ది రోజుల్లో గుడ్లు పగిలి సన్నని తెల్ల పిల్లపురుగులు వస్తాయి. వాటికి వెలుతురు గిట్టదు. నేల పగుళ్ళలోకి, సంచి మడతల్లోకి, మంచం కిందకి పోతాయి. అక్కడ రాలిన నల్లపొడినే తిని బతుకుతాయి. తర్వాత చుట్టూ గూడు అల్లుకుంటాయి. మట్టి, దుమ్ము ఆ గూటికి అంటుకుంటాయి. కంటికి ఆనదు. ఆ గూటిలోకి మందు కూడా సరిగా దిగదు.

గూటిలోని పురుగు వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి ఆగగలదు. అడుగుల చప్పుడు, ఒంటి వేడి, ఊపిరి తగిలితే బయటికి వచ్చి గెంతుతుంది. చాలా రోజులు తాళం వేసిన ఇల్లు తెరవగానే పురుగులు మీద పడడానికి కారణం ఇదే.

"అంటే మేం మోతికి స్నానం చేయించినప్పుడల్లా…" అంది కోడలు.

"మోతి మీద ఉన్నవి పోయాయి. ఇంట్లో ఉన్నవి మళ్ళీ ఎక్కాయి. కుక్క మీద కనిపించేవి కొన్నే. నేల మీద కనిపించనివి ఎన్నో. కుక్కకు ఒక్కదానికే వైద్యం చేస్తే చాలదు. ఇంటికి చెయ్యాలి."

నాలుగు పనులు

డాక్టరు నాలుగు పనులు చెప్పాడు. కోడలు నోటుబుక్కులో రాసుకుంది.

మొదటిది దువ్వడం. పేల దువ్వెన, అంటే ఈరుపెన తీసుకోవాలి. రోజూ మెడ దగ్గర, తోక మొదట్లో, పొట్ట కింద దువ్వాలి. పక్కన గిన్నెలో సబ్బునీళ్ళు పెట్టుకోవాలి. దువ్వెనకు వచ్చిన పురుగును వెంటనే నీళ్ళలో ముంచాలి. ఉత్త నీళ్ళలో అయితే మునగకుండా తేలి బయటపడుతుంది. సబ్బునీళ్ళలో మునిగి చస్తుంది. గోళ్ళ మధ్య నలపకూడదు.

రెండోది ఊడ్వడం. రోజూ మూలమూలా ఊడ్వాలి. మంచం కింద, గోడ వారన, గడప పక్కన వదలొద్దు. ఊడ్చిన చెత్త వాకిట్లో పోస్తే పురుగు తిరిగి వస్తుంది. కాల్చేయాలి, లేదా సబ్బునీళ్ళలో వేసి దూరంగా పారబోయాలి. నేల పగుళ్ళను మెత్తటి మట్టితో పూడ్చి అలకాలి. పగులు లేకపోతే పిల్లపురుగుకు చోటు లేదు.

మూడోది పక్క మార్చడం. పాత గోనెసంచి కాల్చేయాలి. దాని బదులు ఉతకడానికి వీలైన పాత చీర, దుప్పటి వెయ్యాలి. వారానికి రెండుసార్లు మరిగే నీళ్ళలో నానబెట్టి ఉతకాలి. ఎర్రటి ఎండలో ఆరెయ్యాలి. పిల్లపురుగు తేమలో బతుకుతుంది. ఎండకు, పొడికి చస్తుంది. అందుకే వానాకాలంలో దీని బెడద ఎక్కువ. పిల్లలు పడుకునే బొంతలు, చాపలు కూడా ఎండలో వెయ్యాలి.

నాలుగోది అన్నిటికీ ఒకేసారి చేయడం. మోతిని బాగుచేసి పిల్లిని, మేకల్ని వదిలేస్తే లాభం లేదు. ఒకదాని మీది పురుగు ఇంకోదాని మీదికి ఎక్కుతుంది.

మందు సంగతి

"మందేమీ వద్దా సార్?" అని కొడుకు అడిగాడు.

మందు ఉంటే పని తొందరగా అవుతుందన్నాడు డాక్టరు. కానీ అది కుక్క కోసం చేసిన మందే కావాలి. బరువును బట్టి వెయ్యాలి.

మోతి బరువు తెలిసేదెట్లా? అది కాటా మీద నిలబడదు కదా. కొడుకు మోతిని ఎత్తుకుని కాటా ఎక్కాడు. 75 కిలోలు. దించి ఒక్కడే ఎక్కాడు. 60 కిలోలు. కోడలు తీసివేత వేసింది. 75లో 60 పోతే 15. మోతి బరువు 15 కిలోలు.

ఆ బరువుకు సరిపడే చుక్కల మందు డాక్టరు రాసిచ్చాడు. మెడ వెనక, రెండు భుజాల నడుమ, బొచ్చు పాయ తీసి చర్మం మీద వెయ్యాలి. అక్కడైతే నాలుక అందదు. వేసే ముందు రెండు రోజులు, వేశాక రెండు రోజులు స్నానం వద్దు. నెలకొకసారి, మూడు నెలలు వెయ్యాలి.

"మిగిలింది పిల్లికి వెయ్యొచ్చా?" అని కోడలు అడిగింది.

"వద్దమ్మా. కుక్క మందుల్లో కొన్ని పిల్లిని చంపేస్తాయి. ముఖ్యంగా పెర్‌మెత్రిన్ అనే మందు. డబ్బా మీద ఏ జంతువుకో చదివే వాడాలి. పిల్లిని, మేకల్ని కూడా ఒకసారి చూపించు. వేరే చెప్తాను. కళ్ళు తెరిచి నెల కూడా కాని కూనలకైతే మందు జోలికి పోవద్దు. దువ్వెనే మేలు."

మూడో వారం

కోడలు నోటుబుక్కులో గీతలు గీసింది. రోజూ దువ్వెనకు వచ్చిన పురుగుల్ని లెక్కపెట్టి తేదీ పక్కన రాసింది. మొదటి రోజు 34. వారం తిరిగేసరికి 12. తర్వాత 5. పిల్లలు రాత్రి నిద్రపోయారు. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు.

మూడో వారం వాన జోరుగా కురిసింది. ఆ తెల్లారి దువ్వితే 19 వచ్చాయి!

"నేను అప్పుడే చెప్పా. ఈ దువ్వెనలతో పొయ్యేది కాదు" అన్నాడు మామ. అత్త కూడా చీపురు కింద పడేసింది.

కోడలు నోటుబుక్కు తెచ్చింది. డాక్టరు చెప్పింది రాసుకున్న పేజీ తిప్పి చదివి వినిపించింది. "మూడో వారం అటూఇటూగా మళ్ళీ కనిపిస్తాయి. అవి పాత గూళ్ళలోంచి వచ్చినవి. కొత్తగా పెట్టిన గుడ్లు కావు. అప్పుడు పని ఆపకూడదు."

"మామయ్యా, అవి బయటికి వస్తేనే కదా చచ్చేది. గూట్లో ఉన్నంతసేపు మనమేం చెయ్యలేం. ఇప్పుడు ఆపితే అవి గుడ్లు పెడతాయి. మొదటికొస్తాం."

మామ మాట్లాడలేదు. కాసేపటికి లేచి పార అందుకున్నాడు. గోడ వారన మిగిలిన పగుళ్ళు పూడ్చడానికి మట్టి తవ్వి తెచ్చాడు.

నాలుగో వారం 7. ఆరో వారం 1. రెండో నెల చివర సున్న. మోతి తోక దగ్గర బొచ్చు మళ్ళీ మొలిచింది. అయినా మూడో నెల మందు వేశారు. ఊడ్వడం ఆపలేదు. పత్తి మందు సీసా ఇంట్లోంచి పోయింది. ఇప్పుడు అది పిల్లలకు అందని చోట, తాళం వేసిన పెట్టెలో ఉంటుంది.

ఖర్చు ఎంత? దువ్వెన, సబ్బు, మూడుసార్లు చుక్కల మందు. మిగతాదంతా ఒళ్ళు వంచి చేసిన పని.

చిన్న పురుగని వదలొద్దు

గోకుడే కదా అని ఊరుకోకూడదు. పురుగులు ఎక్కువైతే కుక్కపిల్లలకు, మేకపిల్లలకు నెత్తురు తగ్గిపోతుంది. చిగుళ్ళు తెల్లబడతాయి. లేవలేకపోతాయి. అప్పుడు ఆలస్యం చేస్తే చచ్చిపోతాయి.

ఈ పురుగు కడుపులో బద్దెపురుగు పిల్లలు ఉంటాయి. కుక్క ఒళ్ళు కొరుక్కుంటూ పురుగును మింగితే బద్దెపురుగు దాని కడుపులో పెరుగుతుంది. దొడ్డికి పోయినప్పుడు బియ్యపు గింజల్లాంటి ముక్కలు పడతాయి. చంటిపిల్లలు పొరపాటున ఈ పురుగును మింగితే వాళ్ళకూ రావచ్చు. అందుకే కుక్కతో ఆడాక చేతులు కడుక్కోవాలి.

ఎలుకల మీద కూడా ఈ జాతి పురుగులు ఉంటాయి. ఎలుకల నుంచి మనుషులకు ప్లేగు తెచ్చేది ఆ పురుగులేనని 1898లో కరాచీలో పాల్ లూయీ సిమోం అనే ఫ్రెంచి డాక్టరు కనిపెట్టాడు. 1994లో మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో, గుజరాత్‌లోని సూరత్‌లో ప్లేగు భయం దేశాన్నంతా వణికించింది. కుక్కకు పురుగులు పడితే ప్లేగు వచ్చినట్టు కాదు. భయం వద్దు. కానీ ఇంట్లో ఎలుకలు వరసగా చచ్చిపడుతుంటే ఒట్టి చేత్తో ముట్టకూడదు. ఆరోగ్య కార్యకర్తకు చెప్పాలి.

గుర్తుంచుకోండి

చేను మందు, కిరసనాయిలు జంతువు ఒంటికి తగలనివ్వొద్దు.

కుక్కకు, పక్కకు, నేలకు ఒకేసారి వైద్యం చెయ్యండి.

కుక్క మందు పిల్లికి వెయ్యొద్దు.

మూడో వారం పురుగులు మళ్ళీ కనిపిస్తే పని ఆపొద్దు. మూడు నెలలు చెయ్యండి.

డబ్బా మీద ఏముందో చదవండి. చదవడం రాకపోతే వచ్చినవాళ్ళ చేత చదివించుకోండి. చదివాకే మూత తియ్యండి.